బూచోడు ఫోన్లోకి వచ్చాడు

హారర్ సినిమా అంటే లైట్లార్పి ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకునే రకం నేను. 'ది కర్స్ ఆఫ్ లా యొరోనా' (2019) కూడా అట్లే చూశా. మెక్సికో జానపద కథ అది. కన్నబిడ్డల్ని నదిలో ముంచేసిన తల్లి దెయ్యమై, తెల్లబట్టల్లో ఏడుస్తూ పిల్లల్ని ఎత్తుకుపోతుంది. సినిమాలో 1973 నాటి లాస్ ఏంజెలెస్‌లో తేలుతుంది. ఉలిక్కిపడతాం, అంతే.

కథ మాత్రం ఆళ్లగడ్డలో మా అవ్వ మాటను గుర్తుచేసింది. "పొద్దు గూకినాక బయట తిరిగితే బూచోడు గోతంలో ఏసుకోని పోతాడు" అనేది. నంద్యాలలో మా ఇంటి నుంచి కుందూ వైపు పోవాలన్నా ఆ గోతమే కళ్లముందు ఆడేది. మెక్సికోలోనూ పిల్లల్ని చీకట్లో ఏటిగట్టుకు పోనీకుండా పెద్దోళ్లు ఈ కథే చెబుతారు. ఆ భయం పిల్లలకు కాపలా.

2018లో బూచోడు వాట్సాప్‌లోకి దూరాడు. 'పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది' అని ఒకటే మెసేజ్‌లు. తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త ముఖం కనిపిస్తే చితకబాదారు. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో, అడుక్కోవడానికి వచ్చిన సంచార జాతి వాళ్లను ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదు చాట్‌లకు కుదించింది.

అవ్వ చెప్పిన బూచోడు మమ్మల్ని ఇంట్లోకి రప్పించాడు, ఎవరి ఒంటిమీదా చెయ్యి వేయలేదు. ఈ ఫోన్ బూచోడు పొట్టకూటికి ఊళ్లు తిరిగేవాళ్ల ప్రాణం తీస్తున్నాడు. అట్లాంటి మెసేజ్ వస్తే మీ దగ్గరే ఆపేయండి. నిజంగా అనుమానముంటే పోలీసులకు ఫోన్ కొట్టండి.