మైనస్ 25లో ట్రెయిలరు కాపురం

మన సినిమాల్లో మంచు కనబడితే చాలు, హీరోయిన్ గారు పల్చటి చీరలో పాటందుకుంటారు. ఆవిణ్ణి ఒక్క జనవరి రాత్రి అమెరికాలో, నార్త్ డకోటాలోని విల్లిస్టన్‌లో, మా బావమరిది ట్రెయిలర్లో పడుకోమనాలి!

చమురు బావుల ఊరది. ఉద్యోగాలకొచ్చి చక్రాల ఇళ్లలో కాపురమున్నవాళ్లు చాలామంది. నేను వెళ్లిన రాత్రి బయట మైనస్ 25 డిగ్రీలు. రెండింటికి హీటరు టక్కున ఆరిపోయింది. పక్కన ఎనిమిది నెలల పసివాడు. బావమరిది టార్చి పట్టుకుని బయటికి పరిగెత్తాడు, వెనకాలే నేను. చిత్రమేమిటంటే, సిలిండరు కదిపితే లోపల గలగలమంటోంది!

"గ్యాసుందిగా?"

"ఉంది బావగారూ, ఆవిరి కావద్దూ?"

ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. (మన వంటగ్యాసులో కలిసే బ్యూటేన్ అయితే సున్నా దగ్గరే మొరాయిస్తుంది.) కానీ ఆవిరయ్యేందుకు కావలసిన వేడి సిలిండరు గోడల్లోంచే రావాలి. 9 కిలోల బుడ్డిలో అడుగున మిగిలిన కాస్తా హీటరు లాగినంత జోరుగా ఇవ్వలేకపోయింది. ఇంకో నిండు బుడ్డి తగిలించి ఆ రాత్రి గట్టెక్కాం.

మర్నాడు 45 కిలోల సిలిండరొచ్చింది. నాలుగడుగుల ఎత్తు! గ్యాసు మనిషి దాన్ని నిటారుగా నిలబెట్టి, గొలుసేసి, రెగ్యులేటరు బిగించి, లీకు చూసే మందు పూశాడు. సబ్బునీళ్లయితే అక్కడే గడ్డకడతాయిట. బుడగ రాలేదు.

ఆ రాత్రి హీటరు ఆగి వెలిగినప్పుడల్లా నేను లేచి కూచున్నాను. పసివాడు మాత్రం దుప్పటి తన్నేసి నిద్రపోయాడు.