ముందు టైరు చూసుకున్నారా?

కిందటి వానాకాలంలో ఒక రైతు ఎడమచేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుని నా గదిలోకి వచ్చాడు. కుసుమంచి పక్క పల్లె ఆయనది. వయసు యాభై అయిదుంటుంది.

"ఏమైందయ్యా?" అన్నాను.

"సైకిలు తొక్కమన్నది మీరే గద సారూ!" అన్నాడు.

నిజమే. అంతకు మూడు నెలల ముందు చక్కెర జబ్బుకు మాత్రలు రాసిస్తూ, వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా సైకిలు తొక్కమని చెప్పినవాణ్ణి నేనే. పశువుల కొట్టంలో మూలపడ్డ సైకిలును బాగుచేయించుకుని, పొద్దున్నే సాగర్ కాలువ కట్టమీద తొక్కుతున్నాడట. మలుపులో మొరం మీద ముందు చక్రం జారింది. పడేటప్పుడు ఎవరైనా అరచెయ్యి నేలకు ఆనిస్తారు. బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఎక్స్‌రేలో ఎముక విరిగి కనిపించింది.

కొడుకు ఆయన్ను ఎక్కించుకొచ్చిన సైకిలు బయట వేపచెట్టు కింద ఉంటే వెళ్ళి చూశాను. వెనక టైరు కొత్తది. ముందుది బోడిగుండు.

"వెనకదే గద తొందరగా అరిగేది, అందుకే కొత్తది వెనక వేయించిన" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. మన బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే ఉంటుంది, తొక్కే బలం నేలకు అందేదీ దానిద్వారానే. కాని వెనక చక్రం జారితే చాలాసార్లు కాలు కింద ఆనించి నిలదొక్కుకోవచ్చు. ముందుది జారితే ఆ వ్యవధి ఉండదు. అందుచేత ఒక్క టైరే కొనేటట్లయితే కొత్తది ముందు వేయించండి. ముందున్నది ఇంకా పనికొచ్చేదైతే వెనక్కు మార్పించండి.

డాక్టరుకు టైర్ల సంగతి ఎందుకంటారా? 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకుని వాడుకలోకి తెచ్చిన డన్‌లప్ పశువైద్యుడే సుమా! కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు తగ్గించడానికి ఆయన ఆ పనికి పూనుకున్నాడు.

అలాగని నున్నటి టైరు ఎక్కడైనా ప్రమాదమేనని అనుకోకండి. టైరు మీది అచ్చును మనవాళ్ళు గ్రిప్పు అంటారు. కారు టైరుకు ఆ గాళ్ళు నీళ్ళు తోడెయ్యడానికి కావాలి. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీళ్ళను తనే పక్కకు నెట్టేస్తుంది. టైరు నీటిమీద తేలాలంటే దాదాపు గంటకు 100 కిలోమీటర్ల వేగం కావాలి. ఖమ్మం - సూర్యాపేట రోడ్డుమీద మీరు ఆ వేగంతో తొక్కగలిగితే నా దగ్గరికి రానవసరమే లేదు! తారురోడ్డు మీద పట్టునిచ్చేది రబ్బరు, సరిపడా గాలి. టైరు పక్కన ఎంత గాలి పట్టించాలో అచ్చువేసి ఉంటుంది, చూడండి. లోపలి దారాలు బయటపడినా, పక్కలు పగిలినా మాత్రం మార్చవలసిందే.

మొరం, ఇసుక, ఎర్రమట్టి దారుల సంగతి వేరు. అక్కడ నేలే కదులుతుంది కాబట్టి దానిలోకి దిగబడి పట్టుకునే బుడిపెలు కావాలి. మా రైతు పడ్డది అక్కడే. కొన్ని బుడిపెల టైర్లమీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగేవైపుకు దాన్ని పెట్టి బిగించాలి. ఇక వానపడ్డ నల్లరేగడిలో ఏ టైరూ పనిచెయ్యదు. మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రమే తిరగదు. దిగి నెట్టుకుంటూ నడవండి, అదీ వ్యాయామమే.

ఇంకో ముచ్చట. ఒకామె తన పదిహేనేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతున్నాయట. "నరాల బలహీనతేమో, బలానికి సూదెయ్యండి సారూ" అన్నది. ఆ అబ్బాయి లావు బుడిపెల టైర్ల సైకిలుమీద, హ్యాండిలు మీదికి పూర్తిగా వాలి, రోజూ తారురోడ్డున బడికి వెళ్ళొస్తున్నాడు. బుడిపెలు గట్టి రోడ్డుమీద జుయ్యిమంటూ అదురుతాయి. అరచేతి మొదట్లో చిటికెనవేలి వైపున ఒక నరం పైపైనే పోతుంది. ఆనిన బరువూ ఆ అదురూ కలిసి దాన్ని నొక్కుతాయి. పైగా బుడిపెలు వంగుతూ లేస్తూ తొక్కే శక్తిని తినేస్తాయి. సూది రాయలేదు. నడుమ నున్నగా, అంచుల్లో బుడిపెలతో ఉండే టైర్లు వేయించమన్నాను. సీటు ముందుకు వాలకుండా సరిచేయించి, చేతులు మార్చిమార్చి పట్టుకోమన్నాను. నెల తిరిగేసరికి తిమ్మిరి తగ్గింది. వేళ్ళలో పట్టు తగ్గినా, తిమ్మిరి వదలకపోయినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి.

ఆరువారాల తరువాత రైతుకు కట్టు విప్పాం. "ముందు టైరు కొత్తది వేయించిన సారూ. రేపటినుంచి తొక్కనా?" అన్నాడు. నా వేళ్ళు రెండు ఆయన ఎడమచేతిలో పెట్టి గట్టిగా నొక్కమన్నాను. బ్రేకు పట్టేంత బలం ఇంకా రాలేదు. అందాకా నడవమన్నాను.