కటకట

"నీకే వినిపిస్తుంది" అనేవాడు మా ఆయన. మెకానిక్ ఇంకో అడుగు ముందుకేసి "పాత బండి కదా మేడమ్, సార్‌ని ఒకసారి పంపండి" అన్నాడు. బండి నాది. 2007 నుంచి నడుపుతున్నదీ నేనే.

ఒక ఆదివారం స్టీరింగ్ మా అమ్మాయికిచ్చి వెనక కూర్చున్నాను. ముందుగా తలుపు అరల్లోని సీసాలు, చిల్లర, డిక్కీలోని జాకీ, పానా ఇంట్లో పెట్టేశాం. స్పీడ్ బ్రేకర్ల వీధిలో తను మెల్లగా పోనిస్తుంటే ఒక్కో ప్లాస్టిక్ భాగాన్నీ అరచేత్తో నొక్కిపట్టాను. నొక్కగానే ఆగిందంటే దొంగ అక్కడే.

దొరికింది. ముందు పక్కసీటు ఖాళీగా ఉంటే వేలాడే బెల్టు కొక్కెం, తలుపు పక్క స్తంభానికి కొట్టుకుంటోంది. ఆయన ఎక్కి బెల్టు పెట్టుకుంటే ఆ చప్పుడే ఉండదు! ఏడాది పాటు నా చెవుల్ని నేనే అనుమానించుకున్నాను. కుట్టుపెట్టెలోని ఫెల్ట్ ముక్క అక్కడ అంటిస్తే సరిపోయింది. గ్లవ్ బాక్స్ మూతకీ ఇంకో ముక్క.

డాష్‌బోర్డు కింది కిర్రు మాత్రం చలికాలం పొద్దున్నే వస్తుంది. చలికి ప్లాస్టిక్ ముడుచుకుంటుంది కదా, ఎండెక్కితే పోతుంది. షెడ్డుకి వెళ్ళేసరికి ఎప్పుడూ మధ్యాహ్నమే అయ్యేది మరి. దాన్నింకా పట్టుకోవాలి. ఈసారి నొక్కే పని తనదంటోంది మా అమ్మాయి.