తిరగని తొట్టి, ఆరని దుప్పట్లు



అయ్యగారు ఈ వారం వాషింగ్ మెషీన్ గురించి రాశారేమిటని కొందరు నవ్వుకుంటారు. నవ్వండి, పర్వాలేదు. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంటివారు మాత్రం నవ్వరు. మా అమ్మకు పక్షవాతం వచ్చిన దగ్గర నుంచి రోజుకు రెండు దుప్పట్లు, ఒక్కోరోజు మూడు కూడా మార్చవలసి వస్తుంది. ఎండాకాలమైతే దండెం మీద వేసిన గంటకే ఆరిపోతాయి. ముసురు పట్టిందంటే, సరిగా పిండని దుప్పటి రెండు రోజులైనా చెమ్మ వదలదు. తడి పక్క మీద పడుకోబెడితే వీపు చర్మం చెడిపోతుంది. అలాంటి ముసురులోనే మా మెషీన్‌లో ఆరబెట్టే తొట్టి ఆగిపోయింది. చేత్తో పిండడానికి మా ఇంటావిడ మణికట్లు సహకరించవు. ఒక కొస ఆమె, ఒక కొస మేము పట్టుకుని మెలిపెట్టి పిండుకుంటూ నాలుగు రోజులు గడిపాము.

మన ఊళ్లలో ఎక్కువమంది ఇళ్లలో ఉన్నది రెండు తొట్ల మెషీనే. ఉతికే తొట్టికి ఒక మోటారు, ఆరబెట్టే తొట్టికి వేరే మోటారు. అందుకే ఉతకడం బాగానే జరుగుతూ, ఆరబెట్టడం ఒక్కటే ఆగిపోతుంది. టౌనులోని ఒక మెకానిక్‌కు ఫోన్ చేస్తే, మెషీన్ చూడకుండానే మోటారు పోయిందన్నాడు. చూడకుండా చెప్పిన మాటను నమ్మి డబ్బు సిద్ధం చేసుకోవడం మాకు ఇష్టం లేకపోయింది. సంఘంలో కరెంటు పని తెలిసిన తమ్ముడు ఒకడు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "అయ్యగారూ, మూత వేసి టైమర్ తిప్పితే ఏమైనా చప్పుడు వస్తోందా?"

ఆ ప్రశ్నలోనే సగం పని అయిపోయింది. ఏ చప్పుడూ లేకపోతే చాలావరకు కరెంటు మోటారు దాకా చేరడం లేదన్నమాట. అప్పుడు ప్లగ్గు, టైమర్, మూత కింద ఉండే చిన్న స్విచ్చు, ఎలుక కొరికిన వైరు చూసుకోవాలి. మన పాకల్లో ఎలుకల సంగతి మీకు చెప్పనక్కరలేదు. తొట్టి దడదడ కొట్టుకుంటే బట్టలు ఒక పక్కకు చేరాయి. బరువైన దుప్పటిని ఒక్కదాన్నే వేస్తే ఇలా అవుతుంది, దాన్ని చుట్టూ సమంగా సర్ది పైన ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి. అడుగున నీళ్లు నిలిచి ఉంటే గొట్టం ఎత్తులో ఉందో, చెత్త అడ్డుపడిందో చూడాలి.

మాది నాలుగో రకం. మోటారు మూలుగుతుంది, తొట్టి కదలదు. అలా మూలుగుతుంటే వెంటనే ఆపేయాలి. మళ్లీ మళ్లీ తిప్పి చూస్తే వేడెక్కి, బాగున్న మోటారు కూడా కాలిపోతుంది. దీనికి కారణాలు కొన్నే. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోవడం, కెపాసిటర్ బలహీనపడటం, చేతిరుమాలు లాంటిది తొట్టి కిందికి జారి ఇరుసుకు చుట్టుకోవడం, లేదా బ్రేకు వదలకపోవడం.

తమ్ముడు ముందు ప్లగ్గు పీకాడు. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండవచ్చు కనుక, తెలియనివారు దాని కొసలు ముట్టుకోకూడదని మమ్మల్ని దూరంగా నిలబెట్టాడు. వెనక రేకు విప్పి, పై మూత మూసే ఉంచి, మోటారు మీది చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. బిగుసుకుని ఉంది. మూత మూసినప్పుడు ఒక సన్నని తీగ బ్రేకును లాగి వదిలించాలి. వాడగా వాడగా ఆ తీగ సాగి, బ్రేకు సగమే వదులుతోంది. తీగ కొక్కేన్ని పక్క రంధ్రంలోకి మార్చాడు. చక్రం గిర్రున తిరిగింది. కొత్త సామాను ఒక్కటీ కొనలేదు. డబ్బు తీసుకోనన్నాడు. అన్నం తినకుండా మాత్రం మేము పంపలేదు.

కెపాసిటరే పోయి ఉంటే, దాని మీద ముద్రించిన అంకెలే ఉన్నదాన్ని తెచ్చుకోవాలని కూడా చెప్పాడు. మోటారుతో పోలిస్తే దాని ఖరీదు చాలా తక్కువ.

ఒక్క సంగతి మాత్రం పిల్లలున్న తల్లులకు. బ్రేకు వదలకపోతే బట్టలు ఆరవు, అంతే. బ్రేకు పట్టకపోతే మూత తీసినా తొట్టి తిరుగుతూనే ఉంటుంది. ఆ బట్టల్లో చెయ్యి పెడితే వేళ్లకు చుట్టుకుని మెలిపెట్టేస్తాయి. మూత తీశాక తొట్టి కొద్ది క్షణాల్లో ఆగుతోందో లేదో ఈరోజే ఒకసారి చూడండి. ఆగకపోతే బాగుచేయించేదాకా ఆ పక్కను వాడకండి. దుప్పట్లు పిండాలంటే రెండో కొస పట్టుకోవడానికి మాకు కబురు చేయండి, వస్తాము.