గ్యాస్ అయిపోయిందట!

భద్రాచలం అడవి అంచున, మా కొత్తగూడెం వైపు మే నెలంటే కుంపటే. బీమార్ అబ్బా కోసం కిస్తుల మీద కొన్న ఏసీ మొన్న చల్లగాలి ఇవ్వడం మానేసింది. వచ్చిన మిస్త్రీ మూత విప్పకుండానే "గ్యాస్ అయిపోయింది, 3 వేలు" అన్నాడు.

"అయిపోవడానికి అదేమన్నా వంటగ్యాసా బేటా?" అంది అమ్మీ పర్దా వెనక నుంచి.

అమ్మీ మాట సహీ. ఏసీ గ్యాస్ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, ఖర్చవదు. తగ్గిందంటే లీకున్నట్టే. అది మూయకుండా నింపితే పైసలు హవాలో కలిసినట్టే. మీటర్ పెట్టి చూస్తే, పోయింది కెపాసిటర్. వందల్లో తేలింది.

పనికి ముందే రేటడగండి. పాత సామాను, రసీదు తీసుకోండి. కంప్రెసర్ పోయిందంటే వారంటీ కార్డు చూడండి. జాలీ 15 రోజులకోసారి మీరే కడగండి. ఎండలో గోడకు వేలాడే మిస్త్రీ మజూరీ దగ్గర బేరం వద్దు, అది అతని హక్కు. హిసాబ్ అడగడం మన హక్కు.