ఎర్ర మూత, నారింజ మూత

మా అత్తమ్మకు మామిడిపండంటే ప్రాణం. అందుకే ఈ ఎండాకాలంలో ఆమె షుగర్ 180 నుంచి 340కి పోయేసరికి నా అనుమానం నేరుగా పండ్ల గంప మీదికే పోయింది.

"ఒట్టు బిడ్డా, నేను ముట్టలే" అన్నదామె. నేను నమ్మలేదు. గంపను అటక మీద పెట్టాను. పండ్లు లెక్కపెట్టుకున్నాను కూడా, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రెండేళ్లుగా ఆమెకు ఇన్సులిన్ సూది వేసేది నేనే. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12. ఒక్కరోజు కూడా తప్పలేదు. కాబట్టి తప్పు నాది కాదని నా ధీమా.

మా ఆడబిడ్డ కూతురు జడ్చర్ల దగ్గర ఒక ఊళ్లో ఏఎన్ఎం. ఆదివారం అమ్మమ్మను చూడటానికి నల్లగొండ వచ్చింది. రాత్రి నేను సూది సిద్ధం చేస్తుంటే "ఆగు అత్తా" అన్నది. సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి "వీటి మీద ఏం రాసుందో చదువు" అన్నది.

సీసా మీద 40 అని ఉంది. సిరంజి మీద 100 అని ఉంది.

మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా 40 రకం. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత ఉండే 40 సిరంజి వాడాలి. నారింజ రంగు మూత ఉండేది 100 రకం మందుకు. మూడు వారాల కింద పాత సిరంజిలు అయిపోతే, మందుల దుకాణంలో ఇచ్చినవి చూడకుండా తెచ్చుకున్నాను. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరే. మా సీసాలోని మందు లెక్కన అది 8 యూనిట్లు! పాపం, ఆమెకు సగం మందు కూడా అందలేదు.

తిరగేస్తే ఇంకా ప్రమాదం. 100 రకం మందును 40 సిరంజితో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు పోతుంది. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, మైకం వస్తాయి. తెలివి ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

నాకు అసలు భయం వేసింది ఇంకోదానికి. మరునాడు సోమవారం డాక్టరు దగ్గరికి పోవాల్సి ఉంది. ఆ 340 చూసి ఆయన మోతాదు పెంచి, ఆ తర్వాత నా చేతికి సరైన సిరంజి దొరికి ఉంటే? అప్పటికప్పుడు డాక్టరుకు ఫోన్ చేశాం. పాత మోతాదే ఎర్ర మూత సిరంజితో వేయమని, కొన్నాళ్లు షుగర్ తరచుగా చూడమని చెప్పారు.

"మాకు చదువులో మొదట నేర్పేది ఇదే అత్తా" అన్నదా పిల్ల. సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన దారిలో, సరైన వేళకు. వేసే ముందు ప్రతిసారీ ఈ ఐదూ చూసుకోవాలట. ఇంట్లో మందులిచ్చేది మనమే, కానీ మనకెవరు నేర్పారు? మీ ఇంట్లో ఇన్సులిన్ ఉంటే ఈ పూటే సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలిపి చూడండి.

రాత్రి అత్తమ్మ పక్కన కూర్చుని "తప్పు నాదే" అన్నాను.

"పోనీ తియ్యి" అన్నది. కాసేపాగి, "అటక మీది పండ్లు పిల్లలకన్నా పెట్టు, కుళ్లిపోతున్నయ్" అన్నది.