ముందు పాతబస్తీ లైను వెయ్యండి

హైదరాబాద్ మెట్రో రెండో దశ అనగానే అందరూ కోకాపేట, ఎయిర్‌పోర్టు అంటున్నారు. దాని మొదటి భాగమే 76.4 కిలోమీటర్లు, ఐదు కారిడార్లు. అన్నీ కావాల్సినవే, కాదనను. కానీ ముందు ఏది? మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైను ఎంజీబీఎస్‌లోనే ఆగిపోయింది. జేబీఎస్ నుంచి అక్కడిదాకా 2020 నుంచీ రైళ్లు తిరుగుతున్నాయి, ఆ పక్కనే ఉన్న పాతబస్తీకి మాత్రం లేవు. సాయంత్రం దారుల్‌షిఫా వైపు వెళ్లి చూడండి: బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు, రెండు చేతుల్లో సంచులతో షేర్ ఆటో కోసం నిలబడ్డ ఆడవాళ్లు. పాతబస్తీ లైను, అంటే రెండో దశలోని ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట, ఏడున్నర కిలోమీటర్లే. పైగా ఎయిర్‌పోర్టు లైను కలిసేదీ చాంద్రాయణగుట్టలోనే. రోడ్డు వెడల్పులో ఇళ్లు, దుకాణాలు పోయేవాళ్లకి న్యాయమైన పరిహారం ఇచ్చి, ఈ లైను ముందు పూర్తి చెయ్యండి. కోకాపేట ఆ తర్వాత.